నీళ్లలోని మొక్కకు ఏం కరువు?

30 డిగ్రీల వేడిలో లీటరు గాలిని తీసుకుంటే అందులో కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.74 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ గాలికి తెరుచుకుని ఉన్న లీటరు నీటిలో ఉండేది సుమారు 0.55 మిల్లీగ్రాములు. తేడా ఉన్నమాట నిజమే, కానీ కొంప ముంచేంత తేడా కాదు. అయినా తెనాలి కాల్వలో మునిగి పెరిగే నాచుకూ, అదే కాల్వగట్టు మీది గడ్డికీ ఆహారం తయారుచేసుకోవడంలో చాలా తేడా ఉంది. ఎండ ఒకటే, ఊరు ఒకటే. గట్టు మీది గడ్డికి కావలసినంత కార్బన్ డయాక్సైడ్ దొరుకుతుంటే, నీళ్లలోని నాచు మాత్రం దాని కోసం కాచుకుని కూర్చోవాల్సి వస్తుంది.

కారణం ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఉండటం వేరు, అందటం వేరు. నీటి మొక్కల కిరణజన్య సంయోగక్రియ గురించి తెలుసుకోవలసిందంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది. తెనాలి కాల్వల్లో గుర్రపు డెక్క సమస్య అర్థం కావాలన్నా, బాపట్ల చుట్టుపక్కల మునిగిన వరి ఎన్ని రోజులు బతుకుతుందో చెప్పాలన్నా, రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ ఎందుకు పడిపోతుందో లెక్క కట్టాలన్నా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

బడిలో చదువుకున్న జాబితా అందరికీ గుర్తుండే ఉంటుంది: వెలుతురు, నీరు, కార్బన్ డయాక్సైడ్, పత్రహరితం. దీన్ని బరువుల్లో చూస్తే మరింత తేటగా ఉంటుంది. 264 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 108 గ్రాముల నీరు కలిసి 180 గ్రాముల గ్లూకోజ్, 192 గ్రాముల ఆక్సిజన్ అవుతాయి. అటు 372, ఇటు 372. ఈ నాలుగు అంకెలను గుర్తుపెట్టుకోండి, ముందు ముందు వీటితో పని ఉంది. పొలంలోని మొక్కకు ఈ లెక్కలో మొదట కరువొచ్చేది నీటికి. కాల్వలోని మొక్కకు నీటి కొదవ లేదు. దానికి తక్కువయ్యేవి కార్బన్, వెలుతురు.

ముందు కార్బన్ సంగతి చూద్దాం. వాయువుల అణువులు గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో కదిలే వేగం సుమారు 10 వేల రెట్లు తక్కువ. ఈ అంకె వినగానే మనసుకు పట్టదు కాబట్టి కాలంలోకి మార్చి చూద్దాం. గాలిలో ఒక మిల్లీమీటరు దూరం వ్యాపించడానికి కార్బన్ డయాక్సైడ్ అణువుకు సగటున పట్టేది సెకనులో వందో వంతుల లెక్క, సుమారు 0.03 సెకను. కదలని నీటిలో అదే మిల్లీమీటరుకు 4 నిమిషాలకు పైగా పడుతుంది. సెంటీమీటరు అయితే పది రెట్లు పడుతుందనుకుంటాం గానీ, వ్యాపనంలో కాలం దూరానికి వర్గంగా పెరుగుతుంది. అంటే వంద రెట్లు. సుమారు 7 గంటలు. ఆకు అంచుకు సెంటీమీటరు దూరంలో ఉన్న అణువు, నీరు కదలకపోతే, పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి ఆకును చేరుతుందన్నమాట.

నీరు కదిలితే కథ మారిపోతుంది. ఆకును అంటిపెట్టుకుని ఎప్పుడూ ఒక పల్చటి నీటిపొర కదలకుండా ఉంటుంది. నిలవ నీటిలో ఆ పొర అర మిల్లీమీటరు, అంతకన్నా ఎక్కువ మందంగా ఉంటుంది. పారే నీటిలో అది పల్చబడుతుంది. పొర మందం సగమైతే దాన్ని దాటే కాలం నాలుగో వంతవుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర పశ్చిమ ప్రధాన కాల్వకు నీరు వదిలాక దుగ్గిరాల మీదుగా తెనాలికి వచ్చి, ఊరి నడుమ నుంచి సాగే మూడు కాల్వల్లో నాచు జోరుగా పెరగడానికి ఈ పారుదల కూడా ఒక కారణం. కాల్వలు కట్టేసిన రోజుల్లో మడుగులుగా మిగిలిన నీటిలో అదే మొక్క నీరసిస్తుంది. కార్బన్ ఎక్కడికీ పోలేదు. చేరడం ఆలస్యమైందంతే.

మనం స్థూలంగా నాచు అనేదానిలో చాలా మొక్కలున్నాయి. వాటిలో పాఠ్యపుస్తకం ఎక్కింది హైడ్రిల్లా. కాడ చుట్టూ వలయాలుగా మూడు నుంచి ఎనిమిది దాకా సన్నటి ఆకులుంటాయి. ఒక ఆకును గిల్లి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతలి వేలు ఆకుపచ్చగా కనబడుతుంది. అంత పల్చన, రెండు కణాల మందమే. పత్రరంధ్రాలు లేవు. నేలమీది ఆకులకు ఉండే మైనపు పూత ఇక్కడ లేనట్టే ఉంటుంది. నీటిలో ఎండిపోయే భయం లేదు కాబట్టి ఆ రక్షణతో దానికి పనిలేదు. ఆకు ఒళ్లంతా తెరుచుకునే ఉంటుంది. నాలుగు నిమిషాల మిల్లీమీటరుకు మొక్క ఇచ్చిన మొదటి జవాబు ఈ పల్చదనం.

రెండో జవాబు రసాయనికమైనది, నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అందమైన భాగం అదే. నీటిలో కార్బన్ ఒక్క రూపంలో ఉండదు. కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఒకటి, బైకార్బనేట్ మరొకటి, కార్బొనేట్ ఇంకొకటి. ఏది ఎంత ఉండాలో పీహెచ్ నిర్ణయిస్తుంది. మంచినీటిలో పీహెచ్ 6.35 దగ్గర మొదటి రెండూ సరిసమానం. పీహెచ్ ఒక్కో అంకె పెరిగేకొద్దీ బైకార్బనేట్‌తో పోలిస్తే కార్బన్ డయాక్సైడ్ పదో వంతుకు పడిపోతుంది. పీహెచ్ 8.35 అంటే నూటికి ఒక వంతు. 9.35 అంటే వెయ్యికి ఒక వంతు. ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) లీటరుకు 100 మిల్లీగ్రాములున్న నీటిని తీసుకుంటే, అందులో బైకార్బనేట్ రూపంలో దాగిన కార్బన్ లీటరుకు సుమారు 24 మిల్లీగ్రాములు. గాలితో సమతూకంలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్ 0.15 మిల్లీగ్రాములే. 160 రెట్లు తేడా. మొక్క చుట్టూ కార్బన్ కుప్పలుగా ఉంది, కానీ అత్యధిక భాగం నేరుగా వాడుకోలేని రూపంలో ఉంది.

మంచినీటిలో మునిగి పెరిగే మొక్కల్లో దాదాపు సగం రకాలు ఈ బైకార్బనేట్‌ను వాడుకునే నేర్పు సంపాదించాయి. మిగతా సగానికి అది చేతకాదు, కరిగిన కార్బన్ డయాక్సైడ్ మీదే బతకాలి. హైడ్రిల్లా నేర్చినవాటిలో ఉంది. వెలుతురు పడగానే ఆకు కింది వైపు ఆమ్లాన్ని వదులుతుంది. అక్కడి పల్చటి పొరలో పీహెచ్ బాగా దిగిపోయి బైకార్బనేట్ కార్బన్ డయాక్సైడ్‌గా మారి కణంలోకి జారుతుంది. పై వైపు నీరు క్షారంగా మారుతుంది. సున్నం ఎక్కువున్న నీటిలో పెరిగిన నాచు ఆకుల మీద తెల్లటి గరుకు పూత కనిపించేది అందుకే. ఆ పూత కాల్షియం కార్బొనేట్, మొక్క తిండి తిన్నదనడానికి గుర్తు.

ఇంకో అడుగు కూడా ఉంది. మొక్కజొన్న, జొన్న, చెరకు పంటలకు సీ-4 పద్ధతి అనే ప్రత్యేకమైన కార్బన్ సంగ్రహణ విధానం ఉంటుంది. అందుకు వాటి ఆకుల్లో రెండు రకాల కణాలు ప్రత్యేకంగా అమరి ఉంటాయి. హైడ్రిల్లాకు అలాంటి అమరిక లేదు. అయినా వేసవిలో, నీరు వేడెక్కి కార్బన్ డయాక్సైడ్ తగ్గినప్పుడు, ఒకే కణంలో సీ-4 తరహా పని మొదలుపెడుతుంది. దీన్ని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జార్జ్ బోవ్స్ బృందం 1970లు, 80ల్లో బయటపెట్టింది. ఫ్లోరిడాకు ఈ మొక్క మీద ఆసక్తి ఎందుకంటే, 1950ల్లో అక్వేరియంల కోసం ఆసియా నుంచి తెచ్చుకున్న హైడ్రిల్లా అక్కడి చెరువులను, కాల్వలను ముంచెత్తింది. మన నాచు వాళ్లకు కలుపైంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపు డెక్క మనకు కలుపైంది.

ఇదంతా పుస్తకాల్లోనే చూడాల్సిన పని లేదు. పదో తరగతి విద్యార్థి చేసే ప్రయోగంలో కార్బన్ కరువు కళ్లకు కడుతుంది. బీకరులో నీళ్లు, అందులో హైడ్రిల్లా కొమ్మలు, వాటిపై బోర్లించిన గరాటు, గరాటు కాడ మీద నీళ్లు నింపి తలకిందులుగా పెట్టిన పరీక్షనాళిక. ఎండలో పెట్టిన కాసేపటికి కోసిన కాడ చివర ఒక బుడగ పుడుతుంది. ముందు గుండుసూది తలంత ఉండి, ఉబ్బి, కాడను వదిలి, గరాటు గోడను రాసుకుంటూ పైకి పోతుంది. వెంటనే అదే చోట ఇంకొకటి. ఎండలో పెట్టినప్పుడే ఆకులు మంచి వాయువును వదులుతాయని 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ రుజువు చేసింది కూడా నీళ్లలో ముంచిన ఆకుల బుడగలను చూసే.

ఇప్పుడు ఆ నీటిలో లీటరుకు ఒక గ్రాము వంటసోడా కలపండి. బుడగల జోరు పెరుగుతుంది. వంటసోడా సోడియం బైకార్బనేట్. ఒక గ్రాము అంటే 12 మిల్లీమోళ్లు, ఇందాకటి 100 ఆల్కలినిటీ నీటిలో ఉన్న బైకార్బనేట్‌కు ఆరు రెట్లు. దానితో సమతూకంలో ఉండే కార్బన్ డయాక్సైడ్ కూడా, పీహెచ్ 8.3 దగ్గర, గాలి వల్ల కరిగేదానికి సుమారు పది రెట్లవుతుంది. వెలుతురు మారలేదు, నీరు మారలేదు, మొక్క మారలేదు. కార్బన్ అందింది. అంటే అప్పటిదాకా ఆగి ఉన్నది దాని కోసమే. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నకు జవాబుగా మిగిలిపోయే ఈ సోడా చిటికెను మాస్టార్లు ఇలా అంకెలతో సహా చెబితే, డెల్టా పిల్లలకు తమ ఊరి కాల్వ ఒక ప్రయోగశాలలా కనబడుతుందని నా నమ్మకం. మరిగించి చల్లార్చిన నీటితోనూ ఒకసారి చేసి చూడాలి. కరిగి ఉన్న వాయువులు పోవడంతో బుడగలు బాగా తగ్గిపోతాయి.

ఇక వెలుతురు. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ 16 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూ ఉన్నాయి. సూర్యుడు ఇక్కడ నడినెత్తికి వచ్చేది ఏడాదిలో రెండుసార్లు: మే 5 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 8 ప్రాంతంలో మరోసారి. నడినెత్తిన ఉన్నప్పుడు నీటి ఉపరితలం వెలుతురులో 2 శాతం మాత్రమే వెనక్కి కొడుతుంది. ఎండ విషయంలో డెల్టాకు ఏ లోటూ లేదు. విచిత్రం ఏమిటంటే మేలో ఎండ నిండుగా ఉన్నప్పుడు కాల్వలు కట్టేసి ఉంటాయి, ఆగస్టులో కాల్వలు నిండుగా పారేటప్పుడు వరద నీరు బురదగా ఉంటుంది.

ఆకులు వాడుకునే వెలుతురు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్యది. మధ్యాహ్నపు నిండు ఎండలో చదరపు మీటరు మీద సెకనుకు పడే అలాంటి ఫోటాన్లు సుమారు 2,000 మైక్రోమోళ్లు. హైడ్రిల్లా ఖర్చుకు, సంపాదనకు సరిపోయే స్థాయి సుమారు 15 మైక్రోమోళ్లు. నిండు ఎండలో ఒక శాతం కూడా కాదు. చాలా నీటి మొక్కలకు అంతకు రెట్టింపో, అంతకన్నా ఎక్కువో కావాలి. తక్కిన మొక్కలు లేచేలోపే పొద్దుటి మసక వెలుతురులో పని మొదలుపెట్టగలగడం హైడ్రిల్లా అసలు బలం.

మరి ఆ ఒక శాతం వెలుతురు ఎంత లోతు వరకు పోతుంది? స్వచ్ఛమైన నీరే ఒక మీటరు లోతులో 680 నానోమీటర్ల ఎర్రని వెలుతురులో మూడో వంతుకు పైగా తినేస్తుంది, నీలి వెలుతురును మాత్రం దాదాపు ముట్టుకోదు. కానీ మన కాల్వల్లో, చెరువుల్లో నీటి సొంత ప్రభావం చిన్నది. ఒండ్రు, బురద, పాచి కలిసి చేసేదే పెద్దది. దీన్ని కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. 1865లో ఇటలీకి చెందిన ఫాదర్ ఏంజెలో సెచ్చి వాడిన పద్ధతి ఇప్పటికీ చెల్లుతుంది. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పళ్లేన్ని నలుపు, తెలుపు భాగాలుగా రంగేసి, తాడుకు కట్టి నీటిలోకి దించాలి. కనబడకుండా పోయిన లోతును కొలవాలి. ఆ లోతును 2.7తో హెచ్చవేస్తే ఒక శాతం వెలుతురు మిగిలే లోతు సుమారుగా వస్తుంది. 30 సెంటీమీటర్ల దగ్గర పళ్లెం మాయమైతే వెలుతురు 80 సెంటీమీటర్ల దాకా. 15 దగ్గరే మాయమైతే 40 దాకా. ఆ కిందున్న నీటిలో ఆకు ఉన్నా లేనట్టే.

పైనుంచి వెలుతురును పూర్తిగా ఆపేసేది గుర్రపు డెక్క. తేలే మొక్క కాబట్టి దానికి కార్బన్ గాలి నుంచి వస్తుంది, నీటిలోని నత్తనడక దానికి వర్తించదు. వెలుతురు ముందు దానికే. వేళ్లు మాత్రం నీటిలో వేలాడుతూ నత్రజని, భాస్వరం లాగేసుకుంటాయి. అనుకూలమైన వేడిలో రెండు వారాలకోసారి రెట్టింపవుతుందని లెక్క వేద్దాం. ఒక సెంటు విస్తీర్ణంలో ఉన్నది ఎకరం కావాలంటే వంద రెట్లు పెరగాలి, అంటే ఆరున్నర రెట్టింపులు చాలు. పదమూడు వారాలు. జూన్‌లో కాల్వ మూలన సెంటు జాగాలో వదిలేసిన డెక్క సెప్టెంబరు చివరికి ఎకరం అవుతుంది. అందుకే దాన్ని చిన్నగా ఉన్నప్పుడే తీయించాలి. ఊళ్లో పాలకులైనా, నీటి సంఘాలైనా మొదటి సెంటు దగ్గర ఖర్చు పెట్టాల్సిన డబ్బును ఎకరం దగ్గర వందరెట్లు పెడుతున్నారు.

తీయించడమంటే నిజంగా తీసి గట్టు మీద వేయడమే. మందు కొట్టి చంపి నీటిలోనే వదిలేస్తే ఇందాకటి సమీకరణం వెనక్కి నడుస్తుంది: 180 గ్రాముల గ్లూకోజ్ కుళ్లడానికి 192 గ్రాముల ఆక్సిజన్ కావాలి. గుర్రపు డెక్కలో నూటికి 95 వంతులు నీరే. పచ్చి డెక్క 20 కిలోలు కుళ్లిందంటే పొడి పదార్థం ఒక కిలో కుళ్లినట్టు. దానికి కిలోకు పైగా ఆక్సిజన్ ఖర్చు. 30 డిగ్రీల మంచినీటిలో నిండుగా కరిగినా ఆక్సిజన్ లీటరుకు 7.5 మిల్లీగ్రాములే. అంటే 20 కిలోల పచ్చి డెక్క సుమారు లక్షా 40 వేల లీటర్ల నీటిలోని ఆక్సిజన్‌ను మింగేస్తుంది. తట్టెడు డెక్కకు ఇంత. ఒక ఫర్లాంగు కాల్వ మొత్తం కుళ్లితే చేపలు ఎందుకు తేలతాయో వేరే చెప్పక్కర్లేదు.

తామర, కలువలు ఇదే పైమెట్టును మరో విధంగా పట్టుకున్నాయి. వేళ్లు బురదలో, ఆకు గాలిలో. నేలమీది చాలా మొక్కలకు పత్రరంధ్రాలు ఆకు కింద ఎక్కువగా ఉంటే, తామరాకుకు పైవైపే ఉంటాయి. కింద నీరు తగులుతుంటే అక్కడ రంధ్రాలతో లాభం లేదు. పైన వర్షం పడి రంధ్రాలు మూసుకుపోకుండా, సన్నటి బొడిపెలూ వాటి మీద మైనమూ నీటిబొట్టును నిలవనివ్వవు. తామరాకు మీద నీటిబొట్టు జారిపోవడం వెనక మొక్క ఊపిరి సంగతి ఉంది.

బాపట్ల పేరు దేశమంతా వరిగింజ మీద తిరుగుతుంది. 1945లో వ్యవసాయ కళాశాల వచ్చిన ఈ ఊరి పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204నే జనం సాంబ మసూరి అంటున్నారు. బీపీటీ అంటే బాపట్లే. వరి నీళ్లలో నిలబడే మొక్కే గానీ, నీళ్లలో మునిగే మొక్క కాదు. కాడలో, వేళ్లలో ఉన్న గాలి గొట్టాల ద్వారా ఆకు నుంచి వేరుకు ఆక్సిజన్ దిగుతుంది. ఆకు కొసలు నీటిపైన ఉన్నంతసేపూ ఈ ఏర్పాటు చక్కగా నడుస్తుంది. కొస కూడా మునిగితే కార్బన్ డయాక్సైడ్‌కు 10 వేల రెట్ల అడ్డం ఒకటి, బురద నీటిలో వెలుతురు అడ్డం మరొకటి, రెండూ ఒకేసారి మీద పడతాయి.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి దిగువకు 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వెళ్లింది. అంటే సెకనుకు 3 కోట్ల లీటర్లకు పైగా. రేపల్లె వైపు లంకల్లోని పైర్లు మునిగాయి. అలాంటప్పుడు రైతు వేసే మొదటి ప్రశ్న ఒకటే: ఇంకెన్ని రోజులు ఆగుతుంది? మామూలు రకాలు పూర్తిగా మునిగితే వారం దాటాక చావడం మొదలవుతుంది. ఒడిశా రైతుల పాత రకం ఎఫ్ఆర్ 13ఎ నుంచి తెచ్చిన సబ్‌-1 జన్యువు ఉన్నవి రెండు వారాల దాకా తట్టుకుంటాయి. మార్టేరు వరి స్వర్ణలోకి ఈ జన్యువును చేర్చిన స్వర్ణ సబ్‌-1 మన దేశంలో 2009లో విడుదలైంది. సాంబ మసూరిలోకీ చేర్చి మరో రకం తయారుచేశారు. ఈ జన్యువు చేసే పని సంపాదన పెంచడం కాదు. నీటిలో సంపాదన రాదు కాబట్టి ఖర్చు ఆపేస్తుంది. పైకి ఎదగడానికి ఎగబాకకుండా, ఉన్న చక్కెరను దాచుకుని నీరు దిగేదాకా కదలకుండా కూర్చుంటుంది.

వరి ఆకుకు ఇంకో చిన్న ఆసరా ఉంది. కొత్తగా మునిగిన వరి ఆకును నీటిలోనే పక్కనుంచి చూస్తే వెండి రేకు చుట్టినట్టు తళుక్కుమంటుంది. ఆకు నీరంటని గుణం వల్ల దాని చుట్టూ చిక్కుకున్న పల్చటి గాలిపొర అది. ఆ పొర ఉన్నన్నాళ్లూ వాయువులు పత్రరంధ్రాల దాకా తేలిగ్గా చేరతాయి. రోజులు గడిచేకొద్దీ పొర చెరిగిపోతుంది, దాంతో ఆకుకు అందే కార్బన్ పడిపోతుంది. నీరు తేటగా ఉంటే పైరు కొన్ని రోజులు ఎక్కువ బతకడానికి, బురదగా ఉంటే త్వరగా పోవడానికి కారణం వెలుతురే. రోజులతో పాటు నీటి రంగును కూడా పంట నష్టం అంచనాల్లో రాయాలని నేను అనుకుంటాను.

రేపల్లె దాటి సముద్రం వైపు పోతే మడ అడవులు. తెల్లమడ, నల్లమడ, తిల్ల. వీటి ఆకులు గాలిలోనే ఉంటాయి కాబట్టి కార్బన్‌తో చిక్కు లేదు, చిక్కంతా వేళ్ల దగ్గర. నీరు నిండిన బురదలో ఆక్సిజన్ చొరబడదు. అందుకే మడ చెట్టు చుట్టూ బురదలోంచి వందల కొద్దీ శ్వాసవేర్లు పైకి పొడుచుకొస్తాయి. పోటు దిగినప్పుడు వాటి రంధ్రాల గుండా గాలి లోపలికి పోతుంది. వేరు ఊపిరి ఆగితే నీరు, లవణాలు పైకి రావు, ఆకులో పని ఆగుతుంది.

ఇప్పుడు అసలు లెక్క, రొయ్యల చెరువుది. ఇక్కడ నీటి మొక్కలంటే కంటికి కనిపించని పాచి, రైతుల మాటల్లో ప్లాంక్టన్. ఎకరం చెరువు, 1.2 మీటర్ల లోతు అనుకుంటే నీరు సుమారు 48 లక్షల 50 వేల లీటర్లు. లీటరుకు 7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే చెరువు మొత్తంలో ఉన్నది 34 కిలోలే. అదే ఎకరం మీద అంతే మందాన ఉన్న గాలిలో వెయ్యి కిలోలకు పైనే ఉంటుంది. రొయ్యలు, ప్లాంక్టన్, అడుగున కుళ్లే మేత, సూక్ష్మజీవులు అన్నీ ఆ 34 కిలోల మీదే బతకాలి.

పగలు ప్లాంక్టన్ జమ చేస్తుంది, రాత్రి అందరూ ఖర్చు చేస్తారు. ఉదాహరణకు సాయంత్రం 6 గంటలకు నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీవో) లీటరుకు 9 మిల్లీగ్రాములుందనుకుందాం. అన్నీ కలిపి గంటకు 0.4 ఖర్చయితే 12 గంటలకు 4.8. తెల్లవారి 6 గంటలకు మిగిలేది 4.2. రొయ్యకు 4 కన్నా తగ్గకూడదని పెట్టుకున్న హద్దుకు అంగుష్ఠమాత్రం పైన. ఇప్పుడు మబ్బు పట్టిన రోజును తీసుకోండి. జమ తగ్గి సాయంత్రం 6.5 దగ్గరే ఆగింది, ఖర్చు మాత్రం మారలేదు. తెల్లవారేసరికి 1.7. ఏరియేటర్లు తిరగకపోతే ఆ చెరువు నిలవదు. ముసురు పట్టిన రోజుల్లో రైతు కంటి మీద కునుకు లేకుండా గట్టు మీద తిరగడానికి వెనకున్న అంకగణితం ఇదే. దానికి తోడు ఆ రాత్రి కరెంటు పోతే, జనరేటరు స్టార్టయ్యే ప్రతి నిమిషానికీ విలువ ఉంటుంది.

అదే ప్లాంక్టన్ మధ్యాహ్నం కార్బన్ డయాక్సైడ్‌ను లాగేస్తుంది కాబట్టి పీహెచ్ పైకి పోతుంది. పొద్దున 7.8 ఉన్నది సాయంత్రానికి 8.8 కావచ్చు. ఆల్కలినిటీ తక్కువున్న చెరువులో ఊపు ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ ఊపును ఆపేది బైకార్బనేటే. సున్నం, డోలమైట్ వేసి ఆల్కలినిటీని 100కు పైన ఉంచమనడం ఇందుకే. పీహెచ్ పెరిగితే వచ్చే ముప్పు అమ్మోనియా రూపంలో ఉంటుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 8 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన భాగం 7 శాతం. పీహెచ్ 9 దగ్గర 45 శాతం. ఉప్పునీటిలో ఇది కాస్త తగ్గుతుంది గానీ పోకడ అదే. పొద్దున భయపడాల్సింది ఆక్సిజన్ గురించి, మధ్యాహ్నం అమ్మోనియా గురించి. రెండింటి వెనకా ఉన్నది ఒకే కిరణజన్య సంయోగక్రియ.

ప్లాంక్టన్‌కు కావలసిన పోషకాల నిష్పత్తిని ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ సముద్రపు నీటిని పరిశీలించి గుర్తించాడు: 106 కార్బన్ పరమాణువులకు 16 నత్రజని, 1 భాస్వరం. బరువులో చూస్తే ఒక కిలో భాస్వరం 41 కిలోల కార్బన్‌ను పాచిగా మార్చగలదు. చెరువులోకి మేత ద్వారా వచ్చే భాస్వరం, కాల్వలోకి పొలాల నుంచి, ఊళ్ల నుంచి వచ్చే భాస్వరం ఇంత బలమైనది. రైతులు ఇష్టపడే గోధుమరంగు నీరు డయాటమ్‌లది. వాటి గుల్ల సిలికాతో తయారవుతుంది కాబట్టి నత్రజనితో దాదాపు సమానంగా సిలికా కూడా కావాలి. అది అయిపోతే డయాటమ్‌లు తగ్గి నీలి ఆకుపచ్చ పాచి చోటు చేసుకుంటుంది. పత్రహరితం ఒక్కో అణువు నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది, బరువులో 2.7 శాతం. ఉప్పునీటి చెరువులో మెగ్నీషియం సహజంగానే పుష్కలం, బోరునీటితో నడిపే చెరువుల్లో మాత్రం చూసుకోవాలి.

కానీ పోషకాలు పెంచితే ప్లాంక్టన్ పెరిగి, దాని నీడే దానికి అడ్డమవుతుంది. 1.2 మీటర్ల చెరువులో సెచ్చి పళ్లెం 30 సెంటీమీటర్ల దగ్గర మాయమైతే అడుగున 40 సెంటీమీటర్లు చీకటి. 15 దగ్గరే మాయమైతే 80 సెంటీమీటర్లు, అంటే మూడింట రెండు వంతుల నీరు పగలు కూడా ఆక్సిజన్‌ను ఖర్చు మాత్రమే చేస్తుంది. చెరువు చూడటానికి పచ్చగా, నిండుగా ఉంటుంది, జమ మాత్రం తగ్గుతుంది. ఏరియేటర్లు ఆక్సిజన్ కలపడంతో పాటు చేసే మరో పని ఇక్కడే పనికొస్తుంది. కింది నీటిని పైకి తిప్పి, చీకట్లో ఉన్న ప్లాంక్టన్‌కు వెలుతురులో వంతు ఇస్తాయి. అందుకే ఎండ బాగా కాసే మధ్యాహ్నం కూడా వాటిని కొన్ని గంటలు తిప్పడం దండగ కాదు.

కొలిచే వేళలు కూడా ఈ లెక్క నుంచే వస్తాయి. డీవో చూడాల్సింది తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు, అదీ అడుగు నీటిలో. పీహెచ్ చూడాల్సింది పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో మరోసారి. రెండింటి మధ్య తేడా అర అంకె దాటుతుంటే ప్లాంక్టన్ ఎక్కువైందనో, ఆల్కలినిటీ తక్కువైందనో అర్థం. సెచ్చి పళ్లెం దించాల్సింది ఎండ నిటారుగా ఉన్నప్పుడు, మనిషి నీడ నీటి మీద పడని వైపు నిలబడి. ఏ దుకాణంలోనూ కొనక్కర్లేని పళ్లెం అది. పాత స్టీలు మూత, నలుపు తెలుపు రంగులు, గుర్తులు పెట్టిన తాడు, అడుగున బరువుకు ఒక రాయి ఉంటే ఇంట్లోనే తయారవుతుంది.